ఎంగిలి తెలియని ఊపిరి

కాదు, తూకపు రాయి బరువు తగ్గదు, అరుగుతుంది. రెండూ ఒకటి కాదు. తగ్గడమంటే ఎవరో కొంత తీసేసినట్టు. అరగడమంటే ఎవరూ ఏమీ తియ్యలేదు, తుడిచారంతే. తుడిచిన గుడ్డ మెత్తనిదే, తుడిచినవాడు జాగ్రత్త గలవాడే, అయినా రాయిలో కొంత పోయింది... అయిదు, ఆరు... గుడ్డలోకి పోయిందా, గాలిలోకి పోయిందా, ఎవరు చెప్పగలరు... తొమ్మిది.

పది. నరహరి గొట్టం నోట్లోంచి తీసి కొక్కేనికి తగిలించాడు.

గోడలో చిన్న దీపం కాసేపు కొట్టుకుని ఆరిపోయింది. ఈ పూట ఊపిరి అందిందని అర్థం. పొద్దున్న ఆరుంపావు. అతను అద్దం దగ్గరికి వెళ్లి కిందికి చూశాడు. విమానం దిగినవాళ్లు నడిచివచ్చే పెద్ద హాలు. అక్కడ వరసగా నిలబెట్టిన ముప్ఫై రెండు యంత్రాలు ఒకదాని తరవాత ఒకటి వెలుగుతున్నాయి. ఒకప్పుడు ఈ దృశ్యం చూస్తే అతనికి ఒళ్లు జలదరించేది. తన ఊపిరితో ఒక విమానాశ్రయం నిద్రలేవడం! ఇప్పుడు పళ్లు తోముకోవడం లాగే అదీ ఒక పని.

వాటికి ప్రభుత్వం పెట్టిన పేరు పొడుగ్గా ఉండేది. ఇక్కడ పనిచేసేవాళ్లంతా తక్కెడలంటారు. ఒక పళ్లెంలో ప్రయాణికుడి ఊపిరి, రెండో పళ్లెంలో నరహరి ఊపిరి. లోకమంతా పాకిన తెల్లజ్వరం పురుగు నెలకో రూపం మారుస్తూ వచ్చింది. దాన్ని వెతికే పరీక్షలన్నీ దాని వెనక పరిగెత్తి అలిసిపోయాయి. అప్పుడు డాక్టర్ హైమవతి, ఇంక పురుగుని వెతకడం మానేద్దామంది. జ్వరం ఎన్నడూ తగలని మనిషి ఊపిరి పక్కన పెట్టుకుని, దానికి మించి ఎదుటివాడి ఊపిరిలో ఏముందో చూద్దాం. మించింది గీత దాటితే ఎర్రదీపం, దాటకపోతే పచ్చదీపం. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఊదితే చాలు.

జ్వరం ఒక్కసారి వచ్చిపోయినా ఊపిరిలో దాని జాడ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకని ఎన్నడూ రానివాళ్లు కావాలి, ఇకముందు కూడా రాకుండా చూసుకోవాలి. మొదట్లో అలాంటివాళ్లు పదకొండు మంది ఉండేవారు, పై అంతస్తులో పదకొండు అద్దాల గదులు. పదకొండు ఊపిరులూ ఒక సిలిండర్లో కలిపి, ఆ కలగలుపుని సున్నా అనేవారు. ఒకామె కూతురి పురుడని వెళ్లింది. ఒకతను నాలుగో నెలలో నిశ్శబ్దం భరించలేక తలుపు తోసుకుని మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. ఇద్దరికి ఎలాగో జ్వరమే వచ్చింది. అలా ఒక్కొక్కరూ పోగా నరహరి మిగిలాడు. వచ్చి రెండేళ్ల రెండు నెలలు. ఇప్పుడు సున్నా అంటే అతనే.

ఎంపిక చేసేటప్పుడు హైమవతి అడిగింది: "ఒంటరిగా ఉండగలరా?"

"ఉంటూనే ఉన్నానండీ," అన్నాడు. అప్పటికి ఇంట్లో భార్య ఉంది.

అంతకుముందు అతను తూనికలు కొలతల శాఖలో ప్రమాణపు రాళ్ల బీరువాకి బాధ్యుడు. నీలం మఖమలు పెట్టెలో ఇత్తడి రాళ్లు. వాటిని వేళ్లతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డుకి బరువు మారుతుంది. పట్టకారుతో తీసి, మెత్తని తోలుగుడ్డతో తుడిచి, మళ్లీ పట్టకారుతోనే పెట్టాలి. ఇరవై ఏళ్లు ఆ పని చేశాడు. ఇప్పుడు పెట్టెలో తనున్నాడు. తేడా అంతే.

అద్దానికి అవతల నడవలో చీపురు, బకెట్టు కనిపించాయి. పైడమ్మ. రోజూ ఏడింటికి వచ్చి ఈ అద్దాన్ని బయటినుంచి తుడుస్తుంది. మైకు మీట నొక్కి మాట్లాడుతుంది. అలా మాట్లాడకూడదని ఎవరూ ఆమెకి చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

"బాబుగోరూ, ఇంకా అలగే ఉన్నారా జాడీలో ఆవకాయలాగ?"

"ఉన్నానమ్మా."

"ఆవకాయకైనా నెలకోపాలి మూత తీస్తారు బాబూ." నవ్వి, తడిగుడ్డ పిండింది. "ఈయాల నా కూతురు గౌరొస్తంది. పోర్టుబ్లేరు యిమానం. అల్లుడికి అక్కడ పడవల కంపినీలో ఎల్డింగు పని. మనవరాల్ని నాను సూడనేదు, ఫోన్లో సూడ్డమే. మూడేళ్లు నిండిపోనాయి దానికి. పదిన్నరకి దిగుతాదట. మీరు పైనుంచి సూడండి, ఎర్రగౌను యేసుకొస్తాది."

"చూస్తాను."

"కూసింత మంచిగా ఊదినారా పొద్దున్న?"

"రోజూలాగే ఊదాను."

పోర్టుబ్లెయిర్ విమానం ఎప్పుడూ నిండుగానే వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లనుంచి పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు. పెద్దపెద్ద సంచులు, సంచుల మీద పిల్లలు. వరస కదలడానికి గంట పట్టింది. ఎర్రగౌను పిల్లని నరహరి వెంటనే గుర్తుపట్టాడు. తల్లి పక్కన బల్లమీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. తల్లి గౌరి సంచిలోంచి వేరుశనగ చెక్కీ తీసింది. పైటకొంగు దానిమీద కప్పి, గుడ్డ మీదనుంచే కొరికి రెండు ముక్కలు చేసింది. కాకెంగిలి. బడిలో పిల్లలు అలాగే పంచుకునేవారు, గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదని. నరహరికి అప్పట్లో అదీ ఎంగిలిగానే కనిపించేది, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పిల్ల తన ముక్క సగం నమిలి, నచ్చకో నచ్చో, తీసి తల్లి నోట్లో పెట్టింది. ఈసారి గుడ్డ లేదు. తల్లి తినేసింది. తండ్రి వంగి, తనకీ అని నోరు తెరిచాడు.

తరవాత వాళ్ల వంతు వచ్చింది. తండ్రి ఊదాడు. ఎర్రదీపం. గౌరి ఊదింది. ఎర్రదీపం. పిల్ల బుగ్గలు పొంగించి, పుట్టినరోజు కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు ఊదింది. ఎర్రదీపం.

తెల్ల దుస్తులవాళ్లు వచ్చారు. ఎర్రదీపం వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో గదిలో, పద్నాలుగు రోజులు. పిల్ల తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని వేలాడింది. ఒకామె ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది, దయగానే. పిల్ల నోరు బాగా పెద్దగా తెరుచుకుంది. అద్దం ఇవతలికి చప్పుడేమీ రాలేదు. హాలు చివర ఒక ఆడమనిషి చీపురు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

వాళ్ల వెనక వరసలో ఒంటరిగా ఒక పెద్దమనిషి. చేతిసంచి రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, ఎవరికీ తగలకుండా నిలబడ్డాడు. జేబురుమాలుతో గొట్టం అంచు తుడిచి ఊదాడు. పచ్చదీపం.

నరహరికి అతను ఎవరో తెలియదు. అయినా బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

*

మర్నాడు పైడమ్మ అద్దం తుడిచింది కానీ మీట నొక్కలేదు. అంతా తుడిచాక, వెళ్లబోయి, వెనక్కి వచ్చి నొక్కింది.

"బాబుగోరూ. మీ ఊపిరితోటే గదా తూసినారు?"

"అవును."

"మీరు మంచోరే. నాను కాదనను. మరి నా పిల్లలెలగ సెడ్డోరైపోనారు? ముగ్గురికీ ఒంట్లో వేడి నేదు, దగ్గు నేదు. రాయిలాగున్నారు." గుడ్డ చేతిలో నలిపింది. "గుంటదాన్ని ఒక్కదాన్నీ యేసినారు గదిలో. తలుపుకాడ కూకుండిపోయిందట. అన్నం పెడితే తినదట. దానికి అలవాటు, అమ్మ ముందు కొరికిత్తేనే తింటాది. ఆ నర్సమ్మలకి ఏటి తెలుస్తాది?"

పైడమ్మ వెళ్లిపోయింది. అద్దం మీద ఆమె గుడ్డ గీసిన తడిగీతలు ఆరడం చూస్తూ కూర్చున్నాడు.

రాయిలాగున్నారు. ఆ మాటే చెవిలో ఉండిపోయింది.

ఒకప్పుడు ఓ తాలూకా ఆఫీసులో ప్రమాణపు కిలో రాయి ఉండేది. అక్కడి గుమాస్తా మహా శుభ్రమైన మనిషి, పొద్దునా సాయంత్రం తుడిచేవాడు. పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ ఆ తాలూకా సంతల్లో ఏ వర్తకుడి రాయి తెచ్చి పోల్చినా తేడా వచ్చేది. అందరిమీదా కేసులే. ఇంత దొంగల ఊరు ఎక్కడా లేదని పేరు. చివరికి నరహరి తన బీరువాలోని రాయి తీసుకెళ్లి పక్కన పెట్టి చూస్తే, అరిగింది ఆఫీసు రాయి. రాయి అరిగితే ఊరంతా దొంగలవుతుంది. ఆ గుమాస్తా అప్పుడు ఏడుపు గొంతుతో అన్నమాట: "నేను దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదండీ."

నరహరి పెన్సిలు, కాగితం తీసుకుని అద్దం దగ్గర కూర్చున్నాడు. ఆరోజు దిగిన ప్రతి విమానాన్నీ చూశాడు. ఒంటరిగా వచ్చినవాళ్లు: పచ్చ. హాస్టలు కుర్రాళ్లు, ఒకడి భుజం మీద ఒకడు చెయ్యి వేసుకుని, ఒకే సీసాలో నీళ్లు తాగుతూ: ఎరుపు, ఎరుపు, ఎరుపు. మెడలో పసుపుతాడు ఇంకా తడిగా ఉన్నట్టున్న పిల్ల, ఆమె మొగుడు: ఎరుపు. మనవడిని ఎత్తుకున్న ముసలావిడ: ఇద్దరికీ ఎరుపు. మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. యాభై దాటినవాళ్లు. ఇద్దరి మధ్యా పెట్టె పెట్టుకుని, అరగంటసేపు ఒక్క మాట లేకుండా చెరోవైపు చూస్తూ నిలబడ్డారు. ఇద్దరికీ పచ్చ.

పెన్సిలు అక్కడ ఆగింది. తనూ భార్య కామాక్షీ ఏ విమానం దిగినా, ఏ సంవత్సరమైనా, ఇద్దరికీ పచ్చే వచ్చేది.

*

శనివారం డాక్టర్ హైమవతి వచ్చి అద్దానికి అవతల నిలబడింది. అరవైకి దగ్గరపడిన మనిషి. ఈ తక్కెడ కోసం తన నిద్రంతా ఖర్చుపెట్టినట్టు కళ్లకింద చర్మం జారి ఉంటుంది. నరహరి కాగితం అద్దానికి ఆనించి చూపించి, తాలూకా రాయి కథ చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఎర్రదీపాలు పెరుగుతున్నాయని నాకూ తెలుసు," అంది చివరికి. "వాళ్లలో చాలామందికి తరవాత జ్వరం తేలడం లేదు. లోపల దాక్కుందనుకున్నాను. రాయినెవరు అనుమానిస్తారు?"

"ముందు రాయినే చూడాలండీ. మా శాఖలో మొదటి పాఠం."

"మొదటినెల సిలిండరు ఒకటి మిగిలింది. పదకొండు మందిది. ఒక్క పరీక్షకి సరిపోతుంది."

"ఎర్రదీపం వచ్చినవాళ్ల ఊపిరి దాస్తారు కదా, పైడమ్మ మనవరాలిది కూడా ఉంటుంది. దానితో చూడండి."

ఆమె రెండు గంటల తరవాత వచ్చింది. ఈసారి నిలబడలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో ఉన్న పలకలాంటి తెరని అద్దం వైపు తిప్పింది.

"పచ్చ," అంది.

తెరమీద రెండు గీతలున్నాయి. ఒకటి ఎగుడుదిగుడుగా, కొండలూ లోయలూ ఉన్నట్టు. పదకొండు మందిది. దాని కింద ఇంకొకటి, అల వెనక్కి పోయాక మిగిలిన ఇసుకలా నున్నగా ఉంది. అది ఎవరిదో చెప్పనక్కర్లేదు. నరహరి తన మొహం అద్దంలో చూసుకున్నదానికంటే ఎక్కువసేపు దాన్ని చూశాడు.

"మనిషి నోట్లో, గొంతులో వందల రకాల సూక్ష్మజీవులుంటాయి," అంది హైమవతి. "జబ్బు చేసేవి కావు. కలిసి బతికేవాళ్లు తెలియకుండానే ఒకళ్లవి ఒకళ్లకి ఇచ్చుకుంటూ ఉంటారు. మీకు ఇచ్చేవాళ్లు లేరు. ఉన్నవి ఒక్కొక్కటే పోయాయి. మీ పక్కన పెడితే కలిసి తిన్నవాళ్లందరి ఊపిరీ మించిపోతోంది." తెర పక్కకి దించి అడిగింది: "ఇక్కడికి రాకముందు ఇంట్లో... ఎవరితోనైనా కలిసి తినే అలవాటుండేదా?"

"లేదండీ."

"ఎప్పుడూ?"

"లేదండీ."

ఆమె తల దించుకుంది. "తప్పు మీది కాదు."

"రాయిది కూడా కాదండీ, తప్పు."

"కమిటీకి ఈరోజే రాస్తాను. పదిరోజులకి కూర్చుంటారు. అంతవరకూ తక్కెడలు ఆపే అధికారం నాకు లేదు. రేపు పొద్దున్న కూడా మీరు..."

"ఊదాలి."

"ఊదాలి."

"ఆ పిల్ల అన్నం తింటోందాండీ?"

"సెలైను పెట్టారు."

నరహరి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"పన్నెండో నియమం ఉందండీ," అన్నాడు నరహరి. అతనికి నియమాల పుస్తకాలు అట్టనుంచి అట్టదాకా చదివే అలవాటు. "సున్నా మనిషి గది సీలు తెగితే, అంతకుముందు పద్నాలుగు రోజుల ఎర్రదీపాలన్నీ రద్దు. వాళ్లకి పాతపద్ధతిలో గొంతు పరీక్ష చేసి, ఒక్కరోజులో తేల్చి పంపాలి. కొత్త సున్నా దొరికేదాకా తక్కెడలు ముట్టుకోకూడదు."

"అది ప్రమాదాల కోసం రాశాను. గాలి గొట్టం పగిలితే, భూకంపం వస్తే. ఎవరైనా కావాలని తెంచుతారని రాయలేదు." ఆమె లేచి నిలబడింది. తెరని గుండెకి ఆనించుకుంది. "తెగితే మళ్లీ లోపలికి రాలేరు. కింద హాలు రోజూ జనంతో నిండిపోతుంది, నన్నూ మిమ్మల్నీ తిట్టుకుంటారు. బయట జ్వరం ఇంకా ఉంది నరహరిగారూ. మీకది ఎన్నడూ రాలేదు, మీ ఒంటికి దాని సంగతి తెలియదు."

"తెలుసండీ."

"నేను మిమ్మల్ని ఏదీ చెయ్యమనలేదు," అంది. వద్దని కూడా అనలేదు.

*

తలుపు గడియ లోపలివైపే ఉంది. మొదటినుంచీ అంతే. ఇది జైలు కాదని ఒప్పందంలో రాసి మరీ పెట్టారు. గడియ మీద వేలెడంత ఎర్ర సీలు. నరహరి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సెలైను సూది అంత చిన్న చేతికి ఎక్కడ గుచ్చుతారు? లే, అనుకున్నాడు. లేవలేదు. అయిదు నిమిషాల తరవాత మళ్లీ అనుకున్నాడు.

జ్వరమంటే భయమా అంటే, అదొక్కటే కాదు. అతనికి ఈ గది శిక్షగా ఎన్నడూ తోచలేదు. బుద్ధి తెలిసినప్పటినుంచీ తను వెతుక్కుంటున్న గది ఇదేనని మొదటిరోజే అనిపించింది. ఎవరి చెయ్యీ తగలదు. ఎవరి గ్లాసూ కలవదు. పైగా దానికి ఒక ప్రయోజనం ఉంది, గౌరవం ఉంది. తన లోపమే జనానికి రక్ష అయింది. ఇంతకాలం ఎవరికీ పనికిరాని తన జాగ్రత్త కోసం ఒక విమానాశ్రయమంతా రోజూ పొద్దున్నే ఎదురుచూసేది. ఆ సీలు తెగితే తను ఎవరు? ముట్టుకోవడం చేతకాని నలభై ఎనిమిదేళ్ల మనిషి.

అతనికి ఆరేళ్లప్పుడు వాళ్ల ఇంట్లో ఒక గ్లాసు ఉండేది. అంచుకింద ఎర్రదారం చుట్టి కట్టేవారు. అది అమ్మది. అమ్మ పెరటి గదిలో ఉండేది, దగ్గుతూ. ఆ దారం ఉన్న గ్లాసు, దారం ఉన్న కంచం ఎవరూ ముట్టుకోకూడదు. ఒక మధ్యాహ్నం ఆమె సగం తాగిన పాలు కిటికీలో ఉన్నాయి. నరహరి తాగేశాడు. ఏమీ అనుకోలేదు, ఆకలీ లేదు, అమ్మవి కనక తాగాడు. నాయనమ్మ చూసి పెట్టిన కేక ఇప్పటికీ అతని చెవిలో ఉంది. వేడి ఉప్పునీళ్లతో నోరు పుక్కిలింపించింది, నాలిక కాలేదాకా. సాయంత్రానికి బండెక్కించి పిన్నిగారి ఊరు పంపేశారు. మూడు నెలలకి తీసుకొచ్చారు. పెరటిగది తెల్లగా సున్నం వేసి ఉంది. తను తాగిన ఆ సగం పాలవల్లే అమ్మ పోయిందని చాలా ఏళ్లు నమ్మాడు. నమ్మకం పోయింది, చెయ్యి మాత్రం మారలేదు. ఆనాటినుంచి ఏది తాగినా, మరిగే కాఫీ అయినా సరే, గ్లాసు ఎత్తి పైనుంచి పోసుకోవడమే.

తెల్లారింది. ఆరుంపావుకి చెయ్యి తనంతట తానే కొక్కెం వైపు వెళ్లింది. గొట్టం నోట్లో పెట్టుకుని, ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఊదాడు. కింద ముప్ఫై రెండు యంత్రాలు వెలిగాయి. అతను అద్దం దగ్గరికి వెళ్లలేదు. జన్మలో మొదటిసారి తన ఊపిరి తనకే అసహ్యమైంది.

*

ఆదివారం నాలుగింటికి కామాక్షి వస్తుంది. రెండు బస్సులు మారి. అద్దానికి అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముక్కుగుడ్డ గడ్డం కిందికి లాగి, ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులోకి టీ పోసుకుని, కొంచెం కొంచెంగా తాగుతుంది. మీట నొక్కి నాలుగు మాటలు చెబుతుంది. రెండేళ్లనుంచి ఇదే. నిజానికి పంతొమ్మిదేళ్లనుంచి ఇదే, అద్దం మాత్రం కొత్తది.

"కుళాయి బాగుచేయించాను," అంది. "మళ్లీ కారుతోంది. ఎదురింటివాళ్ల మేక మన కరివేపాకు మొక్క తినేసింది. అడిగితే, మేకకి చదువు రాదు కదండీ, బోర్డు పెట్టినా లాభం లేదు, అంటాడాయన."

నరహరి నవ్వలేదు. ఆమె అతని మొహం చూసి గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

"ఒంట్లో బాగా లేదా ఏవండీ?"

"ఆ రోజు..." అన్నాడు. "పెళ్లి భోజనాల్లో, బువ్వం బంతిలో. నువ్వు నా నోట్లో పెట్టిన ముద్ద. నేను మింగలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నోరు తుడుచుకున్నట్టు చేసి అరచేతిలో దాచారు. చెయ్యి కడిగేటప్పుడు కాలవలో వదిలేశారు. నేను పక్కనే ఉన్నాను కదా. కొంగులు ముడేసి ఉన్నాయి, ఎక్కడికి పోతాను?"

ఆమె గొంతులో కోపం లేదు. అది అతనికి ఇంకా కష్టంగా ఉంది.

"ఎప్పుడూ అడగలేదు."

"అడిగితే మీరు ఏదో ఒకటి చెబుతారు. అది విన్నాక కూడా కాపరం చెయ్యాలి కదా అని భయం." అద్దంలో తన నీడనే చూస్తున్నట్టు చూసింది. "నా చెయ్యంటే అసహ్యమనుకున్నాను. తరవాత్తరవాత, నేనంటేనేమో అనుకున్నాను. అలవాటైపోయింది లెండి. ఇప్పుడెందుకు?"

అతను చెప్పాడు. ఎర్రదారం గ్లాసు, కిటికీలో పాలు, ఉప్పునీళ్లు, సున్నం వేసిన గది. ఎవరికీ చెప్పని మాటలు కనక సరిగా పేర్చడం రాలేదు, ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. తరవాత ఎర్రగౌను పిల్ల సంగతి చెప్పాడు. అమ్మ కొరికి ఇస్తే తప్ప తినని పిల్ల, సెలైను మీద ఉన్న పిల్ల. యంత్రం తన ఊపిరిని మంచిదనుకుని, ఆ పిల్లది చెడ్డదన్న సంగతి. పన్నెండో నియమం. పొద్దున్న మళ్లీ ఊదిన సంగతి కూడా దాచలేదు.

మీట మీద కామాక్షి వేలు అలాగే ఉంది, అందుకని ఆమె ఊపిరి చప్పుడు గదిలోకి వస్తూ ఉంది. మామూలు ఊపిరి. కొంచెం జలుబు చేసినట్టుంది.

"పంతొమ్మిదేళ్లు," అంది చివరికి. "ఒక్క గ్లాసు గురించి. ముందే చెప్పి ఉంటే, నేనూ మీకు ఎత్తి పోసేదాన్ని కదండీ."

నరహరి లేచాడు. తలుపు దగ్గరికి నాలుగడుగులు. నిన్న రాత్రంతా ఆ నాలుగడుగులూ ఎంత దూరం! గడియ మీద చెయ్యి వేశాడు. సీలు తెగిన చప్పుడు చాలా చిన్నది, దారం తెగినట్టు. కింద హాల్లో ఒక గంట మోగింది. తక్కెడలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయని తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు.

బయటి గాలి మొహానికి తగిలింది. ఫినాయిలు, కొబ్బరినూనె, మరిగిన టీ, బస్సు దుమ్ము. ఇన్ని వాసనలు ఒక్కసారి. గోడ పట్టుకున్నాడు.

"ఏవండీ!" కామాక్షి కుర్చీలోంచి లేచి వెనక్కి జరిగింది, తనవల్ల అతనికేదో అంటుకుంటుందన్నట్టు. ముక్కుగుడ్డ పైకి లాక్కోబోయింది. "జ్వరం రావచ్చు మీకు!"

"రావచ్చు," అన్నాడు.

మెట్లకింద ఎవరో పరిగెత్తుకు వస్తున్న అడుగుల చప్పుడు. పైడమ్మ గొంతు ఎక్కడో గట్టిగా వినిపిస్తోంది, తిడుతోందో, ఏడుస్తోందో, ఎవరినో పేరు పెట్టి పిలుస్తోందో. అతను నేలమీద, ఆమె కుర్చీ పక్కన కూర్చున్నాడు. కామాక్షి కంగారుగా ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆ మూతలోకే అతనికి టీ పోయబోయింది.

"అది కాదు," అని చెయ్యి చాపాడు.

"ఇదా? ఇది నేను సగం తాగానండీ."

"ఊఁ."

ఆమె గ్లాసు వదలడానికి కొంచెం సేపు పట్టింది. వేళ్లు తగిలాయి. అలవాటుకొద్దీ అతని చెయ్యి పైకి లేచింది, తల వెనక్కి వాలింది, గ్లాసు గాలిలో వంగబోయి ఆగింది. చెయ్యి కిందికి దించాడు. స్టీలు అంచు మీద ఒకచోట తడి ఉంది. గ్లాసుని కొంచెం తిప్పి, ఆ తడి ఉన్నచోటే పెదవులు ఆనించి, చల్లారిపోయిన ఆ టీ తాగాడు.